పండుగ దినమున పరిగె

ధ్యాన భాగములు: లేవీయకాండము 23:22, రూతు 2వ అధ్యాయము, మత్తయి 1:5



సార్వా కోతలు ముగిసి, ధాన్యము కల్లము నుండి ఇండ్లకు చేరు దినములలోనే మన పల్లెలకు క్రిస్మసు పండుగ వచ్చుచున్నది. మందిరమునకు సున్నము వేయుదుము. ఇంటిమీద నక్షత్రము కట్టుదుము. అరిసెల పాకము వాసన వీధి చివరి వరకు వచ్చును. బీదలకు బట్టలు పంచవలెనను తలంపు కూడ ఈ దినములలోనే మనకు కలుగుచున్నది. ఈ తలంపు మంచిదే, దేవునికి స్తోత్రము. అయితే ఈ మాసమున ఒక ప్రశ్నను మన మనస్సాక్షి యెదుట ఉంచుకొందము. ఇచ్చుట మంచిదని మనమందరము ఎరుగుదుము. కాని మనము ఇచ్చు విధమును బట్టి ఆ మంచి చెడిపోవునా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో నుండి కలుగలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో క్రిస్మసు ఆరాధన ముగిసిన తరువాత విధవరాండ్రకు చీరలు పంచితిమి. మైకులో ఒక్కొక్కరి పేరు పిలుచుటయు, వారు ముందుకు వచ్చి పెద్దల చేతినుండి చీర అందుకొనుటయు, ఫోటో తీయుటయు జరిగెను. ఒక ముసలమ్మ పేరు రెండు మారులు పిలిచినను ఆమె రాలేదు. మరునాడు ఆ చీర తీసికొని ఆమె ఇంటికి వెళ్లితిమి. ఆమె మమ్మును కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా ఇట్లనెను: “అయ్యగారూ, చీర వద్దని కాదు. నా మనవడు బడికి పోతన్నాడు. మీరు మైకులో నా పేరు పిలిస్తే, రేపు పిల్లకాయలు వాణ్ణి ఏమని పిలుస్తారో అని లెగవలేదు.”

మాకు నోట మాట రాలేదు. ప్రతి శనివారము మందిరము ఊడ్చునది ఆమెయే. అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి కుండలో వేసి, నెల తిరుగగానే దేవునికి కానుకగా తెచ్చునదియు ఆమెయే. ఇచ్చుట ఎరిగిన స్త్రీని మేము పుచ్చుకొనువారి వరుసలో నిలువబెట్టి, ఊరందరికి చూపవలెనని యత్నించితిమి. మా ఉద్దేశము మంచిదే గాని, ఆ దినమున మాకు కలిగిన సంతోషములో ఆమె సిగ్గు కొంత కలిసియున్నదని అప్పుడు గ్రహించితిమి.

లేఖనములను తెరచి చూడుడి. లేవీయకాండము 23వ అధ్యాయము పండుగల అధ్యాయము. పస్కా మొదలు పర్ణశాలల పండుగ వరకు ఇశ్రాయేలీయులు ఏ దినమున ఏమి చేయవలెనో అందులో వరుసగా వ్రాయబడియున్నది. ఆ పండుగల నడుమ 22వ వచనములో ఉన్నట్టుండి పొలము మాట వచ్చును. చేను కోయునప్పుడు అంచుల వరకు పూర్తిగా కోయరాదనియు, రాలిన పరిగెను ఏరుకొనరాదనియు, వాటిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెననియు దేవుడు ఆజ్ఞాపించెను. బలులు, అర్పణలు, విశ్రాంతి దినములు చెప్పుచు నడుమ ఈ మాట ఏల? బీదవానికి చోటు విడువని పండుగ తన పండుగ కాదని దేవుడు తెలియజేయుచున్నాడని మేము గ్రహించుచున్నాము.

ఈ ఆజ్ఞలోని జ్ఞానమును గమనించుడి. యజమానుడు బీదలను వరుసగా నిలువబెట్టి గింజలు కొలిచి పోయవలెనని దేవుడు చెప్పలేదు. చేని అంచును విడిచిపెట్టి, తన పని తాను చూచుకొనుమనెను. బీదవాడు ఎవరిని అడుగనక్కరలేదు, ఎవరికిని దండము పెట్టనక్కరలేదు. తన చేతులతో ఏరుకొని, తన ఒడిలో వేసికొని, తన ఇంటికి వెళ్లును. అది అతనికి భిక్షము కాదు, దేవుడిచ్చిన హక్కు. ఆ పొలము మొదట యెహోవాది గనుక, ఆ అంచును బీదవాని పేర వ్రాసినవాడును ఆయనే.

బేత్లెహేములో బోయజు ఈ ఆజ్ఞను అక్షరముగా మాత్రమే గాక హృదయముతో నెరవేర్చెను. రూతు మోయాబు స్త్రీ, పరదేశి, విధవరాలు, అత్తను పోషించుకొనవలసినది. యవల కోత కాలమున ఆమె పరిగె ఏరుకొనుటకు వచ్చెను. బోయజు తన పనివాండ్రను పిలిచి, ఆమెకొరకు పనలలో నుండి కొంత కావలెనని లాగి విడువవలెననియు, ఆమెను గద్దింపకూడదనియు ఆజ్ఞాపించెను. తానిచ్చినట్లు ఆమెకు తెలియనివ్వలేదు. ఆమె ఏరుకొన్నదంతయు తన కష్టార్జితమని తలంచి సంతోషముతో ఇల్లు చేరెను. భోజన వేళను ఆమెను దూరముగా కూర్చుండబెట్టలేదు. కోతగాండ్ర ప్రక్కనే కూర్చుండజేసి, వేచిన ధాన్యము తానే ఆమెకు అందించెను. ఆమె తృప్తిగా తిని, కొంత మిగిల్చి, అత్తకు తీసికొనిపోయెను.

ఆ రూతునకు బోయజువలన ఓబేదు పుట్టెను. ఓబేదు కుమారుడు యెష్షయి, యెష్షయి కుమారుడు దావీదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మన రక్షకుని వంశావళిలో రూతు పేరు ఉన్నది. క్రిస్మసు నాడు మనము తలంచు బేత్లెహేము, ఒకప్పుడు ఒక పరదేశి విధవరాలు వంగి పరిగె ఏరుకొనిన బేత్లెహేమే. ఆ దినమున ఆ పొలములో ఎవరైనను ఆమెను అవమానపరచి వెళ్లగొట్టియుండినయెడల ఏమై యుండును? మన వీధిలో వంగి నడచుచున్న స్త్రీని చూచునప్పుడు ఈ మాట జ్ఞాపకము చేసికొందము.

మన తెలుగు సంఘముల చరిత్రలోను ఇట్టి ఆదరణ కనబడుచున్నది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరవు కలిగెను. మన పెద్దలు దానిని ధాత కరవని చెప్పుకొనిరి. ఒంగోలులో పని చేయుచుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి, కూలి ఇప్పించిరి. ఆయనతో కూడ సువార్త చెప్పు బోధకులే పనివారికి మేస్త్రీలైరి. ఊరి వెలుపల ఉంచబడిన మాదిగ జనులు అనేకులు ఆ కాలువ గట్టున తమ చెమటతో సంపాదించుకొని తినిరి. మరియొక సంగతి కూడ గమనింపదగినది. కరవు సహాయము జరుగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు ఇయ్యక ఆపియుంచిరి. అన్నము కొరకు ఎవరును ప్రభువును ఒప్పుకొనరాదని ఆయన కోరిక. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కనికరమునకు వెల కట్టకపోవుట ఎట్టిదో ఈ సంగతివలన నేర్చుకొందము.

ఇక్కడ కొందరు రెండు అభ్యంతరములు చెప్పుదురు. మొదటిది, ప్రభుత్వమువారు ఇచ్చుచున్నారు గదా, సంఘమునకు పని ఏమి యని. 2013వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము చొప్పున అర్హతగల కుటుంబములకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా ఉన్నది. ఇది పరిగె ఆజ్ఞవంటి మంచి ఏర్పాటే. అయితే యంత్రముపై వ్రేలిముద్ర పడక ఉత్త చేతులతో తిరిగివచ్చు ముసలివారు మన ఊరిలో లేరా? వారిని తోడుకొని వెళ్లి, అధికారులతో మాటలాడి, వారి హక్కు వారికి ఇప్పించుటయు కనికర కార్యమే. దీనికి చదువుకొన్న యౌవనస్థులు చాలును. మరియు చట్టము బియ్యము ఇచ్చును గాని, పండుగ నాడు పీట వేసి ప్రక్కన కూర్చుండి తినదు.

రెండవది, ఫలానివాడు త్రాగుబోతు, ఫలానివాడు సోమరి, వానికి ఇచ్చిన వ్యర్థమని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. డబ్బు చేతికిచ్చినయెడల అది సారా కొట్టుకు పోవచ్చును. అయినను త్రాగువాని ఇంట భార్యయు పిల్లలును ఉన్నారు. పిల్లల బట్టలు కుట్టించి ఇచ్చిన త్రాగివేయలేడు. పరిగె ఆజ్ఞలో బీదవాడు, పరదేశి అను మాటలే ఉన్నవి. నడత పరీక్ష అందులో వ్రాయబడలేదు. దేవుడు మనకు తన కుమారుని ఇచ్చినప్పుడు మన యోగ్యతను చూచెనా?

ఇప్పుడు చాల ఊళ్లలో కోత యంత్రము మడిలోనికి దిగి, ఒక్క పూటలో కోసి నూర్చి పోవుచున్నది. చేతి కోతల నాటి పరిగె చాలవరకు పోయినది. గనుక మన దినములలో చేని అంచు ఎక్కడ ఉన్నదో మనమే వెదకి విడువవలెను. మేము ఆలోచించిన కొన్ని సంగతులను మీ యెదుట ఉంచుచున్నాము.

బట్టలు పంచదలచినయెడల క్రిస్మసుకు రెండు వారములు ముందుగానే, చీకటిపడిన తరువాత, ఇద్దరు స్త్రీలు వెళ్లి ఇచ్చి రావచ్చును. అప్పుడు పండుగ ఉదయమున ఆ తల్లి క్రొత్త చీర కట్టుకొని అందరివలె మందిరమునకు వచ్చును. అది ఎవరిచ్చినదో ఎవరికిని తెలియదు. ఫోటోలు, మైకులు వద్దు. కుడి చేయి చేయునది ఎడమ చేతికి తెలియకూడదని మన ప్రభువే బోధించెను గదా. చిల్లర కొట్టులో ఒకరి పద్దు పెరిగి, ముఖము చెల్లక వీధి మార్చి నడచుచున్నట్లు మీకు తెలిసినయెడల, కొట్టువానితో మాటలాడి ఆ పద్దు మూసివేయుడి. పని చేయగలవారికి మందిరపు సున్నము పనియో, పందిరి పనియో ఇచ్చి, బేరమాడక నిండు కూలి చెల్లించుడి. ఊరి వెలుపల ఇటుక బట్టీలలో ఒడిషా నుండి వచ్చిన కుటుంబములు ఉన్నయెడల, వారి భాష మనకు రాకపోయినను, వారి మతము వేరైనను, అన్నపు గిన్నెతో వెళ్లుడి. వారే మన కాలపు పరదేశులు. అన్నిటికంటె ముఖ్యముగా, మన ఇంటి విందులో తిరిగి పిలువలేని వారికి ఒక్క ఆకైన వేయుదము. లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన విందు అట్టిదే.

ఆ ముసలమ్మ చీర పుచ్చుకొన్నది. మరుసటి సంవత్సరము మొదలుకొని మేము పేర్లు పిలుచుట మానితిమి. ఎవరి ఇంట ఏమి కొరతయున్నదో ఆమెకే బాగుగా తెలియును గనుక, ఎవరి ఇంటికి ఏమి పంపవలెనో ఆమెనే అడుగుచున్నాము. రెండేండ్ల క్రిందట ఆమె ప్రభువునందు నిద్రించునంతవరకు ఆ పని ఆమెయే నడిపించెను. పిడికెడు బియ్యము వేసిన ఆమె కుండ ఇప్పుడు మందిరములోనే ఉన్నది. అది నిండుచునే యున్నది.

ప్రార్థన: బేత్లెహేము పొలములో పరదేశిని ఆదరించిన దేవా, ఈ పండుగలో మా చేతులతోపాటు మా చూపును, మా మాటను కూడ పరిశుద్ధపరచుము. మేమిచ్చునప్పుడు పుచ్చుకొనువారి ముఖము వంగకుండ కాపాడుము. పశువుల తొట్టిలో పరుండిన నీ కుమారుని నామమున అడుగుచున్నాము. ఆమేన్.