అమ్మ చుట్టపు చూపు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరుతున్న తల్లిని మన ఊళ్ళలో అడిగే మొదటి ప్రశ్న "ఎన్నో నెల?" అని. తిరిగి వచ్చాక అడిగేది "పిల్లాడు ఎవరి పోలిక?" అని. ఏం చూశావు, ఏం తిన్నావు అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా జవాబు కోసం ఆగరు. ఆమె చూడటానికి వెళ్ళలేదనీ, తినటానికి అసలే వెళ్ళలేదనీ అందరికీ ముందే తెలుసు. ఈ తెలిసిపోవడంలోనే ఒక నైతిక ప్రశ్న ఉందని నాకనిపిస్తుంది. ఒక తల్లి ఎవరి అక్కరా తీర్చకుండా, ఊరికే చూడటానికీ ఊరికే తినటానికీ దేశం కాని దేశం వెళ్ళవచ్చా? వెళితే దాన్ని మనం ఏమంటాం?

నూజివీడు చుట్టుపక్కల ఈ ప్రయాణాలకు ఒక ఋతువుంది. అక్కడ చలి తగ్గే వేళకు, అంటే ఇక్కడ మామిడి కాపు చేతికొచ్చే వేళకు, తల్లులు విమానమెక్కుతారు. చిన్న రసాలు గడ్డిలో మాగే నెలల్లో వాటి వాసన లేని ఊళ్ళో ఉంటారు. పెట్టెల్లోకి పండ్లు ఎక్కవు. తాజా మామిడిని ప్రయాణికుల సామానులో అమెరికా రానివ్వదు. భారతదేశపు మామిడి ఎగుమతికే పద్దెనిమిదేళ్ళ నిషేధం తర్వాత, రేడియేషన్ శుద్ధి షరతు మీద, 2007లో తలుపులు తెరిచింది. ఆవకాయకి మాత్రం ఇబ్బంది లేదు. అందుకని రెండు పెట్టెల్లో ఆవకాయ, మాగాయ, కారప్పొడులు, సున్నుండలు, పసివాడికి పాత చీరల మెత్తటి గుడ్డలు. మిగిలిన చోట్లో ఆమె బట్టలు. ఆ పెట్టెలు విప్పి చూస్తే ఆమె ఎందుకు వెళుతోందో ఎవరూ చెప్పనక్కరలేదు.

చట్టం మాత్రం వేరే మాట చెబుతుంది. ఆమెకిచ్చే బి-2 వీసాకు అమెరికా వలస చట్టంలో ఉన్న నిర్వచనం "వినోదం కోసం తాత్కాలికంగా వచ్చిన వ్యక్తి" అని. సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. జీతానికి పని చేయకూడదు. జీతం లేకుండా తెల్లవారుజామున సీసాలు కడగడానికీ, బాలింతకు పథ్యం వండటానికీ, రాత్రంతా పిల్లాణ్ణి భుజాన వేసుకు తిరగడానికీ ఏ అభ్యంతరమూ లేదు. కాగితం మీద ఆమె వినోదిస్తున్న యాత్రికురాలు.

ఇదే పనికి మన గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ స్త్రీలు దశాబ్దాలుగా కువైట్ వెళుతున్నారు. పిల్లల్ని పెంచడం, వండటం, ఇల్లు తుడవడం. దాన్ని మనం వలస అంటాం, శ్రమ అంటాం, దాని దోపిడీ గురించి కథలూ వ్యాసాలూ రాస్తాం. రెండు ప్రయాణాలూ ఒకటే అని నేననను. తన మనవణ్ణి ఎత్తుకున్న స్త్రీకీ, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఇరుక్కుపోయిన స్త్రీకీ పోలిక పెట్టడం రెండో ఆమెకు అన్యాయం. నేను చెప్పేది ఇంతే: ప్రేమతో చేసిన పని కూడా పనే. నడుం నొప్పికి ఆ తేడా తెలియదు.

అయితే తప్పు కూతురిదా? అలా తేల్చేస్తే అసలు దోషి తప్పించుకుంటాడు. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగినులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇవ్వాలనే దేశవ్యాప్త చట్టం ఈనాటికీ లేదు. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. కుట్లు మానకముందే కంప్యూటరు ముందు కూర్చోవాల్సిన పిల్ల తల్లిని కాక ఇంకెవర్ని పిలుస్తుంది? అంత ధనిక రాజ్యం మోయనన్న బరువును నూజివీడు నుంచి వెళ్ళిన యాభైఎనిమిదేళ్ళ స్త్రీ మోస్తోంది. తల్లీకూతుళ్ళ మధ్య తగువుగా కనిపించేది నిజానికి ఆ ఇద్దరికీ కలిపి జరిగిన అన్యాయం.

ఇక చూడటం సంగతి. స్త్రీకి ప్రయాణం ఎప్పుడూ ఒక సాకు మీదే దొరికింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్ర మనకు తెలుసు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో కూడా ఆయన రాసిపెట్టాడు. అలాంటి యాత్రల్లో వెంట నడిచిన ఆడవాళ్ళు ఏం చూశారో మనకు తెలియదు. 1870ల్లో ఇంగ్లండు వెళ్ళివచ్చిన పోతం జానకమ్మ తాను చూసింది తెలుగులో రాసుకుంది. అది ఇంగ్లీషులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో 1876లో మద్రాసులో అచ్చయింది. వినోదానికీ జ్ఞానానికీ ప్రయాణించే హక్కు తనకుందని నూటయాభై ఏళ్ళ క్రితమే ఒక తెలుగు స్త్రీ రాసి చూపించింది. కానీ మన ఇళ్ళలో చెల్లుబాటైన సాకు పుణ్యమే. మా అమ్మమ్మల తరానికి తీర్థయాత్ర అనుమతి పత్రం. మా అమ్మల తరానికి పురుడు అనుమతి పత్రం. పత్రం మారింది, ఒకరు ఇవ్వాల్సిన అవసరం మారలేదు.

పిల్లాడు కాస్త కుదురుకున్నాక వారాంతాల్లో తల్లిని తిప్పుతారు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడు, నయాగరా, స్వాతంత్ర్య దేవత విగ్రహం. ఆ విగ్రహం స్త్రీదే. 1886లో దాన్ని ఆవిష్కరించిన రోజున, దేశంలో స్త్రీలకు ఓటే లేనప్పుడు ఈ స్వాతంత్ర్య దేవత ఎవరికోసమని ఓటుహక్కు ఉద్యమకారిణులు పడవ కట్టించుకుని వచ్చి నిరసన తెలిపారు. నయాగరా నుంచి సుమారు రెండు గంటలు కారులో వెళితే సెనెకా ఫాల్స్. 1848లో స్త్రీల హక్కుల సభ జరిగిన ఊరు. అక్కడికి తల్లిని తీసుకెళ్ళిన పిల్లలు నాకింతవరకూ తారసపడలేదు. అమ్మకి ఏం చూపించాలో పిల్లలు ముందే నిర్ణయిస్తారు. ఆమె రెయిలింగు మీద చెయ్యి వేసి ఫోటోకి నిలబడుతుంది. చూడటానికి వెళ్ళినామె చూడబడటంతో తిరిగొస్తుంది.

మా వీధిలో నాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఆరు నెలలుండి వచ్చింది. "ఏం చూశావు పిన్నీ?" అని అడిగి, జవాబు కోసం ఆగాను. నయాగరా గురించి రెండు ముక్కల్లో తేల్చేసింది. తర్వాత రెండు గంటలు చెప్పింది తిండి గురించి. సూపర్ మార్కెట్‌లో మెక్సికో మామిడికాయల గుట్ట ముందు నిలబడి ఒక్కోటీ ముచ్చిక దగ్గర వాసన చూస్తుంటే జనం వింతగా చూశారట. "రంగు చూసి కొంటున్నారే, వాసన చూసేవాడు ఒక్కడు లేడు" అంది, ఆ దేశానికి అంతకంటే పెద్ద లోటు లేనట్టు. మెక్సికో వాళ్ళ హోటల్లో వేడి మొక్కజొన్న రొట్టె తింది. పక్క బండి దగ్గర మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తున్నారు. "వీళ్ళు మనవాళ్ళేనే!" అని నవ్వింది.

ఆవిడ మాటలో చరిత్ర ఉంది. మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ వెంట మన తీరానికి వచ్చింది. మామిడి మన వైపు నుంచి తూర్పుకు వెళ్ళి, ఫిలిప్పీన్స్ మీదుగా స్పెయిన్ ఓడల్లో మెక్సికో చేరింది. మనం తరతరాల సొత్తనుకునే ఆవకాయలో కారం ఆ దేశానిది. ఆ బండి మీది పండు ఈ నేలది. ఈ బంధుత్వాన్ని పుస్తకం చూడకుండా నాలుకతో కనిపెట్టింది పిన్ని. దాన్ని మనం జ్ఞానం అని ఎందుకు అనం? మగవాడు ఇదే రాస్తే యాత్రాసాహిత్యం అవుతుంది.

కానీ ఆ హోటలుకి ఆవిడని తీసుకెళ్ళడానికి కొడుకు మొదట ఒప్పుకోలేదు. "అమ్మ ఇవన్నీ తినదులే" అన్నాడట. ఈ మాటని కాస్త ఆగి వినాలి. ఇందులో ప్రేముంది, ఆమె ఇబ్బంది పడకూడదన్న జాగ్రత్త ఉంది. ఆమె రుచి ఏమిటో ఆమెకంటే మనకే తెలుసన్న అధికారమూ ఉంది. నూజివీడు ఇళ్ళలో బంగినపల్లి కోస్తే చెక్కలు పిల్లలకీ భర్తకీ, టెంక అమ్మకి. "అమ్మకి టెంకంటే ఇష్టం" అని అందరూ నమ్ముతారు. కొన్నాళ్ళకి అమ్మ కూడా నమ్ముతుంది. నలభై ఏళ్ళు ఇంకొకరి రుచికి వండి, అందరూ తిన్నాక చల్లారింది తిన్న మనిషికి, తాను వండనిది, వేడిగా, అందరితో పాటు పళ్ళెంలోకి రావడం చిన్న విషయం కాదు. మడి, ఎంగిలి, మాంసం, కులం అన్నీ కలిసి ఆమె నోటికి వేసిన గీతల్ని దాటాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెది. దాటకపోయినా ఫరవాలేదు. "తినదు" అని ఇంకొకరు చెప్పకూడదు.

మన తోటల్లో కాయలు ఏరి, గ్రేడు చేసి, పెట్టెలకెత్తే కూలి స్త్రీలు నూడిల్స్ సంగతి వదిలేయండి, పక్క జిల్లా చూడటానికే సాకు దొరకనివాళ్ళు కదా, ఈ సరదా గొడవ ఎవరికోసం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే సరదాని పిల్లల సంపాదనకు ముడిపెట్టకూడదంటాను. పిన్ని టిక్కెట్టు కొడుకుది. అక్కడ చేతిలో డాలరు లేదు, కారు రాదు. ఇక్కడ మామిడితోట బాబాయిది, గుత్త డబ్బు ఆయన చేతికొస్తుంది. మన రాష్ట్రంలో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన 1986 సవరణ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. పిన్ని పెళ్ళి అంతకు ముందే అయింది. ఆమె పుట్టింటి తోటలో ఆమెకు చెట్టు లేదు. ఆస్తి లేనప్పుడు చూడటం కూడా ఇంకొకరి దయ అవుతుంది. కూలి స్త్రీకీ పిన్నికీ మధ్య చాలా దూరం ఉంది, నిజమే. కానీ తన డబ్బుతో, తన ఇష్టానికి, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా నాలుగు రోజులు ఊరు దాటడం ఇద్దరిలో ఎవరి వశంలోనూ లేదు.

తల్లి త్యాగాన్ని కీర్తించే సాహిత్యం మనకు కావలసినంత ఉంది. ఆమె సరదాని గౌరవించే భాష ఇంకా తయారు కాలేదు. మన మాటల్లో 'చుట్టపు చూపు' అనే అందమైన మాటుంది. చుట్టం నాలుగు రోజులుంటుంది, పెట్టింది తింటుంది, చుట్టూ చూస్తుంది, పనికి చెయ్యి వేయబోతే "మీరు కూర్చోండి" అంటారు. కన్న పిల్లల ఇంట్లో ఈ మర్యాద దక్కనిది తల్లికే. ఆమె చుట్టం కాదు, సొంత మనిషి కదా అంటాం. సొంతం అన్న మాట ఆమెకు ఎంత ఖరీదు పడుతోందో లెక్క వేయం.

పిన్ని మళ్ళీ వెళతానంటోంది. ఇంట్లో ఎవరికీ పురుడు లేదు, ఎవరికీ ఒంట్లో బాగాలేక కాదు. "మరెందుకు?" అని వీధంతా అడుగుతోంది. ఆ 'ఎందుకు'ని ఒక మగవాణ్ణి అడిగినట్టు, అంటే మామూలుగా, కుతూహలంగా అడగగలిగిన రోజున ఆమె చెప్పే జవాబు వినడానికి మనం అర్హులమవుతాం.