గ్రంథాలయంలో సమదృష్టి

ద్వారం తెరిచి ఉన్నంత మాత్రాన గ్రంథాలయం అందరిదీ అవుతుందా? విశ్వవిద్యాలయ గ్రంథాలయాల సిబ్బందికి ఇచ్చే వృత్తిశిక్షణను గురించి ఆలోచించేటప్పుడు ఈ ప్రశ్న తప్పించుకోరానిది. పుస్తకాలను వర్గీకరించడం, సూచికలు కూర్చడం, కంప్యూటరును ఉపయోగించడం వారికి నేర్పుతున్నాము. చదువరిని కులం, జాతి, భాష అనే తెరలు లేకుండా చూడడం కూడా నేర్పవలసిన విద్యేనా?

సూరత్ నగరాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ విషయాన్ని పరిశీలించడం సముచితం. ఇది వలస వచ్చినవారి శ్రమ మీద పెరిగిన నగరం. తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు, ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహారు శ్రామికులు అక్కడి మరమగ్గాల మధ్య జీవిస్తున్నారు. 1850లోనే ఆండ్రూస్ గ్రంథాలయం వెలసిన ఆ నగరంలో 1967లో ఏర్పడిన విశ్వవిద్యాలయం, 2004 నుంచి వీర నర్మద్ పేరు ధరించింది. నర్మద్ (1833-1886) గుజరాతీ నిఘంటువును కూర్చిన పండితుడు, వితంతు వివాహాన్ని సమర్థించిన సంస్కర్త.

మగ్గం కార్మికుని కుమార్తె ఒకామె, తన ఇంట మొదటి పట్టభద్రురాలు కాబోతూ, ఏదో ఒక కళాశాల గ్రంథాలయంలో అడుగుపెట్టిందని ఊహించుదాం. ఆమెను ఎవరూ అడ్డగించరు. అయితే ఏ పుస్తకం కావాలని అడగవలసిన చోట ఇంటిపేరు ఏమిటని అడిగితే, గుర్తింపు కార్డును ఆమె ఒక్కతెనే రెండుసార్లు చూపమంటే, ఆమె యాస విని పెదవి విరిస్తే, ఏ నిబంధనా భంగపడినట్లు కనిపించదు. కాని ఆమె మళ్లీ రాకపోవచ్చు. ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు.

"నేను అందరినీ సమానంగానే చూస్తున్నాను" అని ఉద్యోగి అనవచ్చు. అందులో కపటం లేకపోవచ్చు. అయినా సదుద్దేశం ఒక్కటే చాలదని పొరుగున ఉన్న బరోడా చరిత్ర చెబుతుంది. సయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను రప్పించి, దేశానికి ఆదర్శమైన గ్రంథాలయోద్యమాన్ని నడిపించారు. ఆ ప్రభువు ఇచ్చిన వేతనంతోనే 1913లో అమెరికా వెళ్లి చదివిన అంబేద్కర్, 1917లో బరోడా కొలువులో చేరినప్పుడు ఆయనకు ఉండడానికి చోటు దొరకలేదు. పేరు మార్చుకొని పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. సింహాసనం మీది ఔదార్యం సత్రం గడప దాకా చేరలేదు.

మనుషులలోనే కాదు, పనిముట్లలో కూడా పక్షపాతం దాగి ఉండవచ్చు. 1876లో వెలువడిన డ్యూయీ వర్గీకరణను అనుసరించిన అమెరికా గ్రంథాలయాలు నల్లజాతివారి రచనలను తరచు బానిసత్వం, వలస అనే శీర్షికల కిందకు నెట్టివేసేవి. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో డొరొతీ పోర్టర్ ఆ పద్ధతిని తిరస్కరించి, ఆ గ్రంథాలను వాటి విషయాన్ని బట్టి అమర్చింది. ఒక కవితా సంపుటిని కవిత్వం బీరువాలోనే ఉంచడం కూడా న్యాయమేనని ఆమె నిరూపించింది. డ్యూయీ పేరిట ఉన్న పురస్కారానికి ఆ పేరును తొలగించాలని 2019లో అమెరికా గ్రంథాలయ సంఘం నిర్ణయించింది.

మరి హృదయాన్ని ఉత్తర్వులతో మార్చగలమా? మార్చలేము. కాని నడవడిని అభ్యాసంతో దిద్దవచ్చు. దిద్దిన నడవడి కాలక్రమాన మనసునూ దిద్దుతుంది. కనుక శిక్షణ నీతిబోధగా మిగిలిపోరాదు, సిబ్బందిని దోషులుగా నిలబెట్టరాదు. తమ సూచికలో ఎవరి భాష, ఎవరి చరిత్ర "ఇతరములు" అనే మూలన పడి ఉన్నదో వారే వెదకాలి. వట్టి చేతులతో తిరిగి వెళ్లేవారు ఎవరో గమనించాలి. చదువరిని మొదట పలకరించే అటెండరుకు కూడా ఆ శిక్షణలో చోటు ఉండాలి. ఉద్యోగుల మధ్యనే ఒకరి మంచినీళ్లు ఒకరు ముట్టని చోట చదువరికి సమత దొరకదు.

ఉన్నత విద్యాసంస్థలలో వివక్షను నిషేధిస్తూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2012లో నిబంధనలు చేసింది. అయితే ఫిర్యాదు గాయపడిన తరువాత వచ్చేది. శిక్షణ గాయం కాకుండా ఆపగలది. ఆ కార్మికుని కుమార్తె రెండవసారి కూడా గ్రంథాలయానికి వచ్చిందా అన్నదే ఆ శిక్షణకు అసలైన పరీక్ష.