అన్నయ్యకు చెప్పాలా, వద్దా?

తోబుట్టువు రోగగ్రస్తుడైనప్పుడు ఆ రోగం పేరు అతనికే తెలియకుండా దాచడం కారుణ్యమా, లేక అమానత్‌లో ఖియానతా? మన కుటుంబాల్లో తరచుగా తలెత్తే ప్రశ్న ఇది. మూత్రాశయ క్యాన్సర్ విషయంలో మరీ ఎక్కువగా తలెత్తుతుంది. ఎందుకంటే ఆ జబ్బు మొదట్లో నొప్పి లేకుండా వస్తుంది. మూత్రంలో రక్తం కనిపిస్తుంది, రెండు రోజుల్లో దానంతటదే ఆగిపోతుంది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. తీరా పరీక్షలు చేయించాక రిపోర్టు తమ్ముడి చేతికొస్తుంది. "భాయీజాన్‌కు మాత్రం చెప్పకండి, తట్టుకోలేరు" అని ఇంటిల్లిపాదీ ఒక్కటవుతారు.

ఈ మాట ప్రేమతో పుట్టిందే. దాన్ని మేము తేలిగ్గా తీసివేయడం లేదు. రోగిని పరామర్శించేటప్పుడు ఆశ కలిగించాలన్నది మన ధర్మం నేర్పిన మర్యాదే. దైవప్రవక్త (స) జ్వరంతో ఉన్న ఒక పల్లెవాసిని చూడబోయి, దిగులుపడవద్దనీ, అల్లాహ్ తలిస్తే ఈ జబ్బు పాపాల నుండి పరిశుద్ధం చేస్తుందనీ ఓదార్చారు. అయితే గమనించండి, నీకు జ్వరమే లేదని ఆయన అనలేదు. ఆశ వేరు, అబద్ధం వేరు. అబద్ధానికి అనుమతి ఉందని హదీసులో వచ్చిన సందర్భాలు మూడు: యుద్ధం, ఇద్దరి మధ్య సయోధ్య, భార్యాభర్తల మాటలు. రోగిని మభ్యపెట్టడం వాటిలో లేదు.

అసలు ఈ జబ్బును దాచడం సాధ్యమేనా? గుర్తించే సమయానికి సుమారు నూటికి 70 మందిలో గడ్డ మూత్రాశయం కండరంలోకి పాకి ఉండదు. మూత్రమార్గం గుండానే పరికరం పంపి దాన్ని గీకి తీస్తారు. చాలామందికి ఆ తర్వాత బి.సి.జి. మందును వారానికోసారి, ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. దాన్ని సుమారు రెండు గంటలు బిగబట్టుకోవాలి. ఈ గడ్డ తిరిగి వచ్చే అలవాటున్నది కాబట్టి మొదట్లో మూడేసి నెలలకోసారి కెమెరా గొట్టంతో లోపల చూస్తారు. ఇదంతా సంవత్సరాల తరబడి సాగే వ్యవహారం. జబ్బేమిటో తెలియని మనిషి ఎన్నిసార్లని ఓర్చుకుంటాడు? పైగా ఈ క్యాన్సర్‌కు అతి పెద్ద కారణం పొగతాగడం. నిజం తెలియని అన్నయ్య ఆసుపత్రి గేటు దాటగానే బీడీ వెలిగిస్తే ఆ పాపంలో మన మౌనానికి వాటా లేదా?

హక్కుల సంగతి మరొకటి. వ్రాయవలసింది ఏదైనా ఉన్న ముస్లిం, వీలునామా వ్రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరికి బాకీ ఉన్నాడో, ఎవరి అమానత్ తన దగ్గరుందో, ఏ జకాత్ మిగిలిపోయిందో అతనికే తెలుసు. మూత్రాశయాన్నే తొలగించవలసి వస్తే, అది ఎవరి శరీరం? సరేననో, వద్దనో చెప్పవలసింది అతనే.

అలాగని రిపోర్టు తెచ్చి ముఖాన పడేయమని మేము అనడం లేదు. అతను అడిగినంత చెప్పండి, అడిగినప్పుడు చెప్పండి. నాకేమీ చెప్పవద్దు, మీరే చూసుకోండి అంటే అదీ అతని హక్కే.

హజ్రత్ మూసా (అ) ఫిరౌన్ దగ్గరికి వెళ్ళవలసి వచ్చినప్పుడు తన అన్న హారూన్‌ను తోడుగా ఇవ్వమని వేడుకున్నారు. ఆయన భుజాన్ని సోదరునితో బలపరుస్తానని అల్లాహ్ మాట ఇచ్చాడు. ప్రమాదం ఇద్దరికీ తెలుసు, తమకు భయంగా ఉందని ఇద్దరూ చెప్పుకున్నారు. ఫిరౌన్ మంచివాడని వారికి జవాబు రాలేదు. భయపడవద్దనీ, తాను వారి వెంటే ఉండి వింటూ, చూస్తూ ఉంటాననీ అల్లాహ్ తెలిపాడు.

చెప్పిన తర్వాతే తమ్ముడి పని మొదలవుతుంది. ప్రతి పరీక్షకూ హైదరాబాదుకో, గుంటూరుకో వెంట వెళ్ళాలి. భాభీ చేతిలో ఖర్చుకు డబ్బుందో లేదో అడగకుండానే కనిపెట్టాలి. మూత్రాశయం తీసేస్తే చాలామందికి పొట్టపై సంచీ పెడతారు. మూత్రం అందులోకి నిరంతరం కారుతూ ఉంటుంది. ఇక నేను నాపాక్, నమాజు నాకెక్కడిది అని కుమిలిపోయేవారున్నారు. ఎడతెగని రక్తస్రావం గల ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి)కు ప్రతి నమాజుకూ వుజూ చేసుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించారు. దాని ఆధారంగా ధర్మవేత్తలు ఇలాంటివారిని మాజూర్‌గా పరిగణించారు. హనఫీల ప్రకారం ఒక్కో నమాజు వేళకు ఒక వుజూ చాలు. మసీదు మలినమయ్యే భయం లేకపోతే జమాఅత్‌కు వెళ్ళడానికి అనేకమంది ఉలమా అనుమతించారు. ఈ మసలాను తమ్ముడే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. సిగ్గుతో అన్నయ్య అడగలేడు.