తెలిసీ తెలియనట్టు

చంటిపిల్లలకి చదివి వినిపించే బొమ్మల పుస్తకాల్లో ఒక రకం ఉంది. మీరూ చూసే ఉంటారు. పేజీలో ఒక బొమ్మ, దానిమీద అట్టముక్కతో చేసిన బుల్లి తలుపు. ఎత్తితే కింద ఇంకో బొమ్మ. వారం తిరక్కుండా తలుపులన్నీ ఊడి, పుస్తకం టేపు అతుకులతో బొంతలా తయారవుతుంది. అది అలా ఉంచండి. నన్ను పట్టుకున్న సందేహం వేరు. "కుక్కపిల్ల ఎక్కడుందబ్బా?" అని కళ్ళింతలు చేసుకుని అడుగుతాం కదా, అదెక్కడుందో మనకి తెలుసు. తెలిసీ తెలియనట్టు అడగడం అబద్ధమా, కాదా?

నవ్వకండి. మా పుట్టిల్లు ధర్మపురి, నరసింహస్వామి ఊరు. "ఈ స్తంభంలో ఉన్నాడా?" అని అడిగిన తండ్రి కథ మాకు ఉగ్గుపాలతో పోశారు. హిరణ్యకశిపుడు పాపం నిజంగానే తెలియక అడిగాడు. మనం అలా కాదే!

ఈ పుస్తకాల్లో బాగా పేరున్నది 'వేర్ ఈజ్ స్పాట్?'. ఎరిక్ హిల్ అనే ఇంగ్లీషాయన రాసి, బొమ్మలు వేశాడు. 1980లో అచ్చయింది. ఆయన వ్యాపార ప్రకటనలకి బొమ్మలు వేసేవాడు. అలాంటి ఒక ప్రకటన కాగితం మీది మడతని చిన్న కొడుకు ఎత్తుతూ దించుతూ సంబరపడుతుంటే చూసి, వాడికోసం ఈ కథ అల్లాడు. కథంటే ఎంతనీ? అన్నం వేళయింది, పిల్ల కనబడదు, తల్లి కుక్క వెతుకుతుంది. తలుపు వెనక ఎలుగుబంటి, గడియారంలో పాము, మంచం కింద మొసలి. చివరికి బుట్టలో దొరుకుతాడు. మొసలీ ఎలుగుబంటీ తప్ప మిగతాదంతా మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే.

రెండోసారి చదివేటప్పటికి బుట్ట సంగతి పిల్లాడికీ తెలిసిపోతుంది. వాడికి తెలుసని మనకి తెలుసు, మనకి తెలుసని వాడికీ తెలుసు. అయినా నలభయ్యోసారి కూడా అదే కేరింత! పొరపాటున మనం తిన్నగా బుట్ట దగ్గరికి వెళ్ళామో, ఊరుకోడు. మొదట ఎలుగుబంటి, తర్వాతే ఏదైనా. ఎనిమిది నెలల లోపు పసివాళ్ళు, కళ్ళముందే గుడ్డ కప్పేసినా, ఆ వస్తువు కోసం వెతకరని స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజే తన పిల్లల్ని చూసి రాశాడు. కనబడనిది వాళ్ళకి లేనట్టే. కనబడకపోయినా ఉంటుంది అన్న ధైర్యం తర్వాత వస్తుంది. మనం కొంగు చాటున దోబూచులాడేదీ, ఈ తలుపులు ఎత్తించేదీ ఆ ధైర్యంతోనే. ఇందులో మోసపోయేవాడంటూ లేడు. అందుకని అది అబద్ధం కాదని తేల్చుకుని కొన్నాళ్ళు హాయిగా ఉన్నాను.

ఆ తర్వాత మా బాపు పోయారు.

తమ్ముడి కొడుక్కి అప్పటికి మూడేళ్ళు నిండలేదు. ఇల్లంతా చుట్టాలు. వీడు బీరువా తలుపు తీసి చూశాడు. మంచం కిందికి వంగి చూశాడు. ఎవరో ముసుగుతన్ని పడుకుంటే దుప్పటి ఎత్తి చూశాడు. ప్రతిచోటా "తాత లేడు" అంటాడు, అచ్చం పుస్తకం చదివినట్టే. ఎక్కడో ఒకచోట బుట్ట ఉంటుందని వాడి నమ్మకం.

"తాత ఊరికి వోయిండు బిడ్డా, వస్తడు" అంది అమ్మ, కళ్ళొత్తుకుంటూ. ఆ స్థితిలో ఆవిడ్ని ఏమంటాం? కానీ ఆ రోజు నుంచీ గేటు చప్పుడైతే చాలు, వాకిట్లోకి ఉరుకుతున్నాడు.

ఇక్కడ తెలిసినవాళ్ళం మనమే. వాడికి తెలియదు. కుక్కపిల్ల ఆటకీ దీనికీ ఎంత దూరం!

ధర్మపురికి వస్తే యమపురి ఉండదని సామెత. స్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకీ గుడి ఉంది, వచ్చినవాళ్ళు ఆయనకీ దణ్ణం పెట్టుకునే వెళతారు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి కూడా, ఇంట్లో పిల్లాడితో ఆ ఒక్క మాట అనడానికి నోరు రాదు.

"ఏం చెప్పాలె వదినా?" అంది మరదలు.

"ఉన్నది చెప్పాలె."

"గింత చిన్నోనికా? మనసెట్లొప్పుతది?"

ఆమె అన్నదీ కాదనలేను. మూడేళ్ళవాడికి చావంటే ఏం అర్థమవుతుంది? మనకి మాత్రం ఏం అర్థమయింది గనక! అయినా, అర్థం కాకపోవడం వేరు, రాని మనిషి కోసం గేటు దగ్గర నిలబడటం వేరు.

సాయంత్రం వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. "తాత చనిపోయిండు బిడ్డా. ఇగ రాడు. ఏడ చూసినా దొరకడు" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "పెట్టెల సూద్దామా అత్తా?"

వద్దనలేదు. ఇద్దరం కలిసి బాపు ట్రంకుపెట్టె మూత ఎత్తాం. మడత పెట్టిన పంచెలు, కళ్ళజోడు, పాత రసీదుల కట్ట.

"లేడు" అన్నాడు.

"లేడు" అన్నాను.

కళ్ళజోడు తీసి పెట్టుకుని, అందరికీ చూపించడానికి పరిగెత్తాడు. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.