గంధం, నామం, నమ్మకం: పాత పరిమళపు పునస్సృష్టిపై ఒక విచారణ

పత్తికొండ పూల అంగళ్లలో మూరల లెక్కన అమ్మే కదంబమాలలో మల్లెలకు మరువం, దవనం తోడవుతాయి. మల్లె తీపిని ఆ ఆకుల ఘాటు సరిదిద్దుతుంది. కనకాంబరం రంగునిస్తుందే గాని వాసననివ్వదు. దవనం దొరకని నాడు మరువం పాలు పెరిగితే మాల పరిమళం మారుతుంది, పేరు మారదు. అయినా దానిని ఎవరూ మోసమనరు. కొనేవారు మాలను కంటితో చూసి, వాసన తెలుసుకొనే కొంటారు. సీసాలోని పరిమళానికి ఈ పారదర్శకత లేదు. కనుక, ప్రసిద్ధ పరిమళాన్ని కొత్తగా కూర్చి పాత పేరుతో అందించడం ఎంతవరకు ధర్మమనే ప్రశ్న విచారణీయం.

1977లో వెలువడిన ఓపియం సుగంధద్రవ్యాల ఘాటుకు పేరొందింది. 2014లో అదే సంస్థ తెల్లపూలకు కాఫీ, వెనిల్లా వాసనలను జోడించి బ్లాక్ ఓపియంను తెచ్చింది. ఇక్కడ మార్పు పెద్దదే, కాని పేరులోని విశేషణం దానిని ముందే తెలుపుతుంది. అత్తరు సంగతి వేరు. సంప్రదాయ పద్ధతిలో పూల ఆవిరిని చందన తైలంలోకి పట్టేవారు. చందనం ప్రియమైన తరువాత దాని స్థానంలో ద్రవ పారఫిన్ వంటివి వాడుకలోకి వచ్చాయి. ఆ సంగతి చెప్పకుండా అమ్మినప్పుడు పేరు నిలిచి ఆధారద్రవ్యం మారిపోతుంది.

తర్కసంగ్రహకర్త అన్నంభట్టు గంధాన్ని పృథివికి లక్షణంగా చెప్పాడు. ఈ దృష్టిలో ఆశ్రయద్రవ్యం లేని గంధం ఉండదు. మనుచరిత్రలో హిమాలయాన దారి తప్పిన ప్రవరుడు కస్తూరి, కర్పూరాలు కలిసిన తాంబూలపు వాసనను బట్టి సమీపంలో మనుష్యులున్నారని ఊహిస్తాడు. ఆ జాడ అతనిని వరూధిని వద్దకు చేరుస్తుంది. అదే కావ్యంలో గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వచ్చినప్పుడు వరూధిని మోసపోతుంది. గంధం ఆశ్రయాన్ని చూపగా, రూపం ఆశ్రయాన్ని దాచింది.

పునస్సృష్టి స్వతహాగా దోషం కాదనడానికి పెద్దనయే సాక్షి. మార్కండేయ పురాణ కథను అంతకుముందే మారన తెనిగించాడు. పెద్దన దానిని ప్రబంధంగా మలిచాడు, తన మూలాన్ని అవతారికలోనే తెలిపాడు. పెద్దన, గంధర్వుడు ఇద్దరూ పూర్వరూపాన్ని ఆశ్రయించినవారే. ఒకరు ఆ సంగతిని ప్రకటించారు, మరొకరు దాచారు.

ఇక్కడ రెండు ఆక్షేపాలు రావచ్చు. పూలవాసన ఋతువును బట్టి మారుతుంది. కొన్ని దినుసులు చర్మానికి హానికరమని తేలితే వాటిని తగ్గించక తప్పదు. కనుక ఏ పరిమళమూ ఎల్లకాలం ఒకేలా ఉండదన్నది మొదటిది. ఇది సత్యమే. అయితే దీనివల్ల అభేదాన్ని కాపాడే బాధ్యత తొలగుతుందే గాని, భేదాన్ని తెలిపే బాధ్యత తొలగదు. కొనేవారు నిజానికి తమ జ్ఞాపకాన్నే కొంటున్నారు, ఆ భ్రమ వారు కోరుకున్నదే అన్నది రెండవది. వరూధిని కూడా ప్రవరుణ్ణే కోరుకుంది. ఆ కోరిక తెలిసే గంధర్వుడు వేషం వేశాడు. ఎదుటివారి ఆర్తి తెలిసి చేసిన మోసం మరింత బరువైనది.

తల్లి కొప్పులోని వాసనను ఒక పాత పేరులో వెదుక్కునే మనిషికి ఆ వాసనను తిరిగి ఇవ్వడం తయారీదారుకు సాధ్యం కాకపోవచ్చు. మారిందన్న మాట చెప్పడం మాత్రం ఎల్లప్పుడూ సాధ్యమే. కర్తవ్యం అక్కడినుంచే మొదలవుతుంది.