అదుండగా ఇదెందుకు?

మావారి ఫోనుకు అజీర్తి చేసింది. ఇది నా మాట కాదు, మా వీధి చివర ఫోన్లు బాగుచేసే కుర్రాడి మాట. "దీని పొట్టలో ఏడువేల ఫొటోలున్నాయండీ, ఊపిరాడక ఆగిపోతోందండీ" అన్నాడట. ఆయన ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా తీర్పు చెప్పేశారు.

"శుభ్రంగా ఈమెయిలు ఉండగా, ఈ ఫోన్లలోకి బొమ్మలు కుమ్మరించడం ఎందుకసలు? కావలసినవాళ్ళు ఈమెయిల్లో పంపుతారు. తీరిగ్గా కూచుని చూసుకుంటాం. చూడబుద్ధి కాకపోతే మానేస్తాం."

ఆయన మాటల్లో అబద్ధమేమీ లేదు. పొద్దున్న లేచేసరికి ఆరు గులాబీలు, నాలుగు సూర్యోదయాలు, ముగ్గురు వెంకటేశ్వరస్వాములు ఫోనులో కొలువు తీరి ఉంటారు. మా ఆడపడుచు పంపిన గులాబీ ఊరంతా తిరిగి సాయంత్రానికి మా పిన్నత్తగారి దగ్గర్నుంచి మళ్ళీ నాకే చేరుతుంది. కార్తీకమాసంలోనైతే ఇక చెప్పక్కర్లేదు, దీపాల వెలుగుకి కళ్ళు జిగేల్మంటాయి.

అయినా ఆ "ఉండగా ఎందుకు" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మన ఆడవాళ్ళకు ఈ మాట కొత్తదా చెప్పండి? రుబ్బురోలుండగా మిక్సీ ఎందుకు? కట్టెలపొయ్యి ఉండగా గ్యాసెందుకు? (బీరువానిండా చీరలుండగా మళ్ళీ చీరెందుకు అనే ప్రశ్న సంగతి వేరు. అక్కడ అడిగేవాళ్ళ వైపు కూడా కొంత న్యాయం ఉంది.) నేను రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదువుతానన్నప్పుడు మా నాన్నగారి మేనత్త "ఇంటరుండగా బియ్యే ఎందుకే?" అని అడిగింది. నేను గమనించినంతలో, రుబ్బురోలుండగా మిక్సీ ఎందుకని అడిగినవాళ్ళెవరూ పిండి రుబ్బినవాళ్ళు కారు.

మావారి ప్రశ్న నిజానికి ఆయన సొంతమూ కాదు. ఒక ఫోనులోంచి ఇంకో ఫోనుకు బొమ్మ పంపే ఏర్పాటు 2002లో బయటికొచ్చింది. ఎమ్మెమ్మెస్ అనేవాళ్ళు. 2007లో ఆపిల్ కంపెనీ ఐఫోను తెచ్చినప్పుడు, అంత ఖరీదు పెట్టిన ఫోనులోనూ ఆ ఏర్పాటు లేదు. ఈమెయిలు మాత్రం ఉంది. 2009 జూన్‌లో కొత్త సాఫ్ట్‌వేరు వచ్చాక గానీ ఆ ముచ్చట తీరలేదు, మొట్టమొదటి ఐఫోను కొన్నవాళ్ళకు అప్పుడూ తీరలేదు. ఈలోగా, ఈమెయిలుండగా ఇదెందుకని కొందరూ, అవతలివాళ్ళకి ఈమెయిలు లేకపోతేనో అని కొందరూ వాదించుకున్నారు. మన దేశంలో ఆ ఎమ్మెమ్మెస్ అన్న మాటకు అప్పటికే మరో విధంగా చెడ్డపేరు వచ్చింది. 2004లో ఢిల్లీలో బడిపిల్లల వీడియో ఒకటి ఫోనునుంచి ఫోనుకు పాకిపోయి, ఊరూరా తల్లులు కెమెరా ఫోనంటే తేలును చూసినట్టు చూశారు. ఇప్పుడా మాట మనవైపు ఎవరి నోటా వినను. 2009లో పుట్టిన వాట్సాప్, 2016లో జియో వచ్చాక చవకైన ఇంటర్నెట్టూ కలిసి దాన్ని మరిపించేశాయి. పేరు పోయింది గానీ పని పోలేదు. ఆ పని గురించే నా గొడవంతా.

2008 డిసెంబరులో మా తమ్ముడికి బెంగుళూరులో ఆడపిల్ల పుట్టింది. పురుడు మరదలి పుట్టింట్లో. మా నాన్నగారు కాలు విరిగి మంచంమీద ఉండటంవల్ల, రాజోలు దగ్గర మా ఊళ్ళో ఉన్న అమ్మ కదిలి వెళ్ళలేకపోయింది. అమ్మ దగ్గర రంగుల తెరున్న చిన్న ఫోనుండేది. పక్కింటి కుర్రాడు అంతర్వేది తీర్థంలో రథాన్ని ఫొటో తీసి దానికి పంపిస్తే, నెల్లాళ్ళు వచ్చినవాళ్ళందరికీ చూపించింది. అందుకని "పిల్ల ఫొటో ఫోనుకు పంపరా" అని తమ్ముణ్ణి అడిగింది. వాడు నవ్వి, "అందులో తపాలాబిళ్ళంత కనబడుతుందమ్మా, ఏం చూస్తావు? అక్కకి ఈమెయిలు పెట్టాను. పెద్దది చేయించి తెస్తుంది" అన్నాడు. నేను కూడా "అవునమ్మా, నే తెస్తానుగా" అన్నాను.

ఆ రాత్రే కంప్యూటరు ముందు కూచుని నా మేనకోడల్ని కరువుదీరా చూసుకున్నాను. మూడోరోజు పిల్ల, గుప్పిట బిగించి, లోకంమీద కోపమొచ్చినట్టు మొహం పెట్టింది. మర్నాడే తీసుకెళ్ళాలనుకున్నాను. కానీ వారపత్రికకు సీరియల్ భాగం పంపాలి. అది ముగిసేసరికి అత్తయ్యగారికి జ్వరం. ఆ తర్వాత ఆదివారం చుట్టాలు. చివరికి దేవీచౌక్ దగ్గర స్టూడియోలో ఫొటో కడిగించి, రావులపాలెం మీదుగా బస్సెక్కి మా ఊరు చేరేసరికి పదమూడోరోజు.

అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఫొటో అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇందులో దీనికి ఎన్నో రోజు?"

"మూడోరోజమ్మా."

"అయితే ఇది ఇప్పటి మొహం కాదన్నమాట" అంది. అంతే. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది.

నాకు కష్టం వేసింది. ఇంత దూరం బస్సులో పడి తెచ్చినందుకు ఇదా అని లోపల కొంచెం కోపం కూడా వచ్చిందేమో. తిరుగు బస్సులో గానీ తెలిసి రాలేదు. అమ్మ అడిగింది అందమైన ఫొటో కాదు. తపాలాబిళ్ళంతదైనా సరే, ఇవాళ్టి మొహం అడిగింది. అందులో ఆవిడకేం కనబడుతుందో, ఏది చాలో, నేనూ తమ్ముడూ కలిసి నిర్ణయించేశాం. ఈమెయిలు ఉన్నది మాకు. ఆవిడకి లేదు. మధ్యలో నేను ఉన్నాను, నాకు సీరియల్ ఉంది.

ఈ మధ్యలో ఉండటమనేది నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. మా ఊళ్ళో ఉత్తరాలు చదివిపెట్టే పిల్లని నేనే. మా దొడ్లో కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టే ఆవిడ కూతురు కువైటు వెళ్ళింది. కోనసీమనుంచీ, పశ్చిమగోదావరి నుంచీ ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి అలా వెళ్తుండేవారు, ఇప్పటికీ వెళ్తున్నారు. కూతురికి రాయడం రాదు, తల్లికి చదవడం రాదు. అక్కడెవరో రాసిపెడితే ఇక్కడ నేను చదివేదాన్ని. కొందరు మాటలు క్యాసెట్లో నింపి పంపేవారు, అయితే అది వినడానికి టేపురికార్డరున్న ఇంటికి పోవాలి.

అన్నట్టు, అక్షరం రానివాళ్ళకోసం మన పెద్దవాళ్ళు ఒక ఏర్పాటు చేశారు, గుర్తుందా? కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తే శుభవార్త. చదివించుకోకుండానే గుండె కుదుటపడేది. కార్డుమీద ఆ పసుపు బొమ్మకాక మరేమిటి?

1990 వేసవిలో ఒకసారి కువైటునుంచి కవరు వచ్చింది. అందులో ఉత్తరం, ఒక ఫొటో. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ముందు మా నాయనమ్మకి చదివి వినిపించాను. మధ్యలో, కాగే నూనె మీదపడి చెయ్యి కాలిందని, తగ్గుతోందని రెండు ముక్కలు రాసుంది. నాయనమ్మ "ఆ ముక్క దానికి చదవకే. ఇక్కడుండి అది చేసేదేముంది, తిండి మానేయడం తప్ప" అంది. నేను చదవలేదు. బాగున్నానన్న దగ్గర్నుంచి డబ్బు పంపుతానన్న దగ్గరకు గెంతేశాను. ఆవిడ సంతోషంగా విని, ఫొటో పుచ్చుకుంది. యజమాని ఇంటిముందు, వాళ్ళ బిడ్డను చంకనెత్తుకుని నవ్వుతూ నిలబడి ఉంది కూతురు. కారు కూడా సగం పడింది. మేమంతా ఆ కారును చూశాం. ఆవిడ మాత్రం ఫొటోను ఎండకేసి తిప్పి,

"అమ్మాయిగారండీ, ఎడంచెయ్యి ఎనక్కెందుకు పెట్టుకుందండీ?" అంది.

నేను నాయనమ్మ వైపు చూశాను. నాయనమ్మ మల్లెచెట్టు వైపు చూసింది. ఆవిడ మరి అడగలేదు. ఫొటో రొంటిని దోపుకుని, ఈనెలు చీరుకుంటూ కూచుంది.

ఆ ఆగస్టు 2న ఇరాక్ కువైటులోకి చొరబడింది. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆవిడ ఆ ఫొటోను ఎన్నిసార్లు తీసి చూసేదో నాకు తెలుసు. మన ప్రభుత్వం లక్షమందికి పైగా మనవాళ్ళను జోర్డానులోని అమ్మాను మీదుగా విమానాల్లో తరలించిన ఆ రోజుల్లోనే, దసరాలకి కాస్త అటూ ఇటూగా కూతురు ఇల్లు చేరింది. బస్సు దిగగానే తల్లి ఆ పిల్ల మొహం చూడలేదు. ఎడంచెయ్యి పట్టుకుని, చొక్కా చెయ్యి పైకి తోసి చూసింది. రోడ్డుమీద అందరం ఉన్నాం. ఆవిడ ఆ తర్వాత నన్నొక్క మాటా అనలేదు, కానీ ఉత్తరాలు చదివించుకోవడానికి ఇంకెప్పుడూ మా ఇంటికి రాలేదు.

మా నాయనమ్మ చేసింది తప్పని ఇప్పటికీ గట్టిగా అనలేను. ఫోను లేదు, పోయి చూసే దారి లేదు, తెలిసి ఆ తల్లి ఏం చెయ్యగలదు? ఆ వాదనకు జవాబు నా దగ్గర లేదు. కానీ ఉత్తరంలో ఒక ముక్కను నేను మింగేయగలిగాను. ఫొటోలో చేతిని మింగలేకపోయాను. అక్షరం మీద బతుకుతున్నదాన్ని గనక ఈ మాట ఒప్పుకోవడం నాకేమీ సరదాగా లేదు.

అలాగని బొమ్మల పక్షాన జెండా ఎత్తుతున్నాననుకోకండి. రెండేళ్ళక్రితం మా పెద్దమావయ్యగారు పోయారు. ఆయన కూతురు, నాకు మరదలు, దుబాయిలో ఉంటుంది. అన్నగారు ఆ అమ్మాయికి ఫోను చేసేలోపలే, ఎవరో అత్యుత్సాహంతో, చావిట్లో పడుకోబెట్టి దండవేసిన ఆయన ఫొటో మా కుటుంబం గ్రూపులో పెట్టేశారు. "పెరుగన్నం కలుపుకుంటున్నాను వదినా, ఫోను మోగితే ఎడంచేత్తో తీశాను" అని చెప్పింది తర్వాత. అంతకుమించి చెప్పలేదు. ఆ మాట విన్నప్పట్నుంచీ కంచం ముందు ఫోను పెట్టుకోవడం మానేశాను.

వెనకటి రోజుల్లో చావుకబురు టెలిగ్రాం మోసుకొచ్చేది. 2013 జూలై 15తో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయాయి గానీ, ఆ వచ్చే మనిషిని గుమ్మంలో చూడగానే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవట. మా నాయనమ్మ చెప్పేది, ఒకసారి తీరా విప్పి చూస్తే ఎవరికో ఉద్యోగం వచ్చిందని ఉందట. అయినా ఆ గుమ్మంలో మనిషి నిలబడటంలో ఒక దయ ఉంది. కూచోవడానికి వ్యవధి ఇచ్చేవాడు. ఉత్తరమైతే కవరుంటుంది, చావుకబురు కార్డైతే చదవగానే చింపేసి తలమీద నీళ్ళు పోసుకునేవాళ్ళు. మా మరదలి ఫోనులో ఆ ఫొటో ఎన్ని రోజులుందో నేనడగలేదు. ఈ ఒక్క విషయంలో మావారు చెప్పిందే న్యాయం. ఈమెయిలు తలుపు కొట్టి బయట నిలబడుతుంది. తీరిక చూసుకుని, గుండె చిక్కబట్టుకుని తీస్తాం. బొమ్మ అలా ఆగదు, నేరుగా వంటింట్లోకి వచ్చేస్తుంది.

కానీ ఆ తల్లి దగ్గరికి నిజాన్ని చేర్చింది కూడా ఆ గుణమే కదా. ఎవరి అనుమతీ అడక్కుండా రావడం.

నేనైతే ఒకటనుకుంటున్నాను, తప్పయితే మీరు దిద్దండి. ఏది చాలు, ఏది అక్కర్లేదు అన్నది పుచ్చుకునేవాళ్ళు చెప్పాల్సిన మాట. మా అమ్మ నోరు విప్పి అడిగింది, మేం ఇవ్వలేదు. మా మరదల్ని ఎవరూ అడగలేదు, ఇచ్చేశారు. రెండూ ఒక జాతి తప్పుల్లాగే కనబడుతున్నాయి నాకు, ఒకదాంట్లో ఫొటో రాలేదు, ఒకదాంట్లో వచ్చింది, అంతే తేడా. ఇదంతా మావారికి చెబితే, "నా ఫోను కూడా పుచ్చుకునేదే, దాన్నీ అడగండి మరి" అన్నారు. నిజమేనండీ. రోజుకు ముప్ఫై గులాబీలు పంపేవాళ్ళు ఆయన్నెప్పుడూ అడగలేదు.

అందుకని నిన్న మధ్యాహ్నం ఇద్దరం కూచుని ఆ ఏడువేలూ తుడవడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఇంటరు చదువుతున్న మా మేనకోడలు దాచవలసినవన్నీ ఈమెయిల్లోకి ఎలా పంపాలో ఫోనులోనే నేర్పింది. గులాబీలు పోయాయి, సూర్యోదయాలు పోయాయి. వెంకటేశ్వరస్వాముల్ని తుడవడానికి ఆయనకు చెయ్యి రాక ఆ పని నాకొదిలేశారు. లెంపలేసుకుంటూ తుడిచాను.

తర్వాత మా అమ్మ పంపినవి వచ్చాయి. ఆవిడకిప్పుడు పెద్ద ఫోనుంది. నాకు పంపినవే అల్లుడిగారికీ పంపుతుంది. జూన్‌లో కాలవకు నీళ్ళొదిలితే ఆ ఎర్రనీళ్ళు, గెల వేసిన అరటిచెట్టు, పిల్లి. కింద ఒక్క అక్షరం రాయదు. ఒకటి మరీ మసగ్గా ఉంది, సగం వేలు అడ్డొచ్చి, మిగతా సగంలో వంటింటి గోడో తలుపో తెలియడం లేదు.

"ఇందులో ఏముంది? ఏమీ కనబడటం లేదు, తీసేయనా?" అన్నారు మావారు.

"ఉండనివ్వండి" అన్నాను.