ఇనుముకు నంబరు, మనిషికి పేరు

భిలాయి, సెక్టార్-5

చి॥ శ్రావ్యకు,

జనవరి 27న మీ కాలేజీలో యూదుల నరమేధం గురించి మాట్లాడాలట కదా, మీ అమ్మ చెప్పింది. ‘60 లక్షల మందిని చంపారు’ అని రాసి, ఆపై కలం సాగక కూర్చున్నావట. ఆ అంకె రాశాక చెయ్యి ఆగడమే సహజం తల్లీ. కానీ మాట అక్కడితో ఆగిపోకూడదు.

నేను రైల్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేశాను. ఎర్రగా కాగిన పట్టా రోలర్ల మీద సాగి వస్తుంటే దాని పక్కన హీట్ నంబరు పడేది. రేపు ఎక్కడో ఆ పట్టా విరిగితే, అది ఏ ఉక్కులోంచి వచ్చిందో ఆ నంబరు చెబుతుంది. ఇనుముకు ఆ నంబరు కావాలి. నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌లో మనుషుల చేతుల మీద నంబర్లు పచ్చబొట్టు పొడిచారు. రైలు దిగీదిగగానే గ్యాస్ గదుల్లోకి తోలినవాళ్ళకు ఆ నంబరూ వెయ్యలేదు.

పేరు తీసెయ్యడం ఆష్విట్జ్‌తో మొదలవలేదు. పేరునుబట్టి యూదులని తెలియనివాళ్ళు, మగవాళ్ళయితే ఇజ్రాయెల్ అని, ఆడవాళ్ళయితే సారా అని తగిలించుకోవాలని 1938లోనే జర్మనీలో ఉత్తర్వు వచ్చింది. ముందు పేరు మీద చెయ్యి వేశారు, తర్వాత ప్రాణం మీద.

ఇది మనకు దూరపు కథ అనుకోకు. మన భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1957 నుంచి 1959 దాకా నిర్మాణానికి చీఫ్ ఇంజనీరుగా ఉన్నది వెనియమిన్ దిమ్‌షిత్స్ గారు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దిమ్‌షిత్స్ గారు యూదుడు. 1910లో క్రిమియాలోని ఫియొదోసియాలో పుట్టారు. 1941 చివర్లో ఆ ఊరు జర్మన్ల చేతికి చిక్కింది. అక్కడ మిగిలిన యూదులను పోగుచేసి కాల్చి చంపారు.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ పునాదులు తవ్విన మీ ముత్తాత రష్యన్ల కబుర్లు ఎన్నో చెప్పేవారు. ఫియొదోసియా మాట మాత్రం ఎవరి నోటా నేను వినలేదు. రిటైరయ్యాక చదివి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళు వాళ్ళు కట్టిన కొలిమి తిండి తిని, వాళ్ళ కన్నీటి సంగతి అడగలేదే అని బాధపడ్డాను.

వాళ్ళ దేశంలోనూ ఆ సంగతి పైకి రానివ్వలేదు. యూదులను చంపి పూడ్చిన చాలాచోట్ల ఫలకాల మీద ‘శాంతియుత సోవియట్ పౌరులు’ అని చెక్కారు. అది చదివితే ఎవరిని ఎందుకు చంపారో తెలియదు. రచయితలు ఇల్యా ఎరెన్‌బర్గ్, వాసిలీ గ్రాస్‌మన్ సాక్ష్యాలు కూడగట్టి ‘నల్ల పుస్తకం’ తయారు చేస్తే, 1948లో అచ్చు ఆపేసి, కూర్చిన టైపును కూడా చెడగొట్టేశారు.

అయినా సాక్ష్యాలు దాచినవాళ్ళు అంతకుముందే దాచారు. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్, ఆయన తోటివాళ్ళు ఉత్తరాలు, రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, ఆఖరికి మిఠాయి పొట్లాల కాగితాలు కూడా పోగుచేశారు. రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక శిథిలాల కింద 1946లో పెట్టెలు, 1950లో క్యాన్లు బయటపడ్డాయి. ఆ పనిలో పాలుపంచుకున్న దాదాపు 60 మందిలో ప్రాణాలతో మిగిలింది ముగ్గురే. తాము బతకమని తెలిసీ, మిఠాయి కాగితాన్ని మడతపెట్టి దాచిన ఆ చేతుల్ని ఒక్కసారి తలచుకో.

జెరూసలేంలోని స్మారక సంస్థ యాద్ వాషెమ్‌లో చనిపోయిన మనిషికొక పుట రాస్తారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చేసిన పని అందులో ఉంటాయి. ఇప్పటికి దాదాపు 50 లక్షల పేర్లు దొరికాయి. ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మన ఇంట్లో మహాలయ పక్షంలో నువ్వులూ నీళ్ళూ వదులుతూ మూడు తరాల పేర్లు పలుకుతాం. పసిపిల్లలతో సహా ఊరు ఊరంతా పోయినచోట, పేరు పలకడానికి కొడుకులూ మనవలూ ఎక్కడ మిగిలారు? ఆ పని పరాయివాళ్ళం మనమే చెయ్యాలి. అందుకు చుట్టరికం అక్కర్లేదు.

కాబట్టి 60 లక్షలతో మొదలుపెట్టకు. ఒక ఊరితో, ఒక మనిషితో మొదలుపెట్టు. ఏం పని చేసేవాడు, పిల్లలెందరు, ఎక్కడ చంపారు అన్నీ చెప్పి, అంకె ఆఖర్న చెప్పు. అప్పుడు దాని బరువు వినేవాళ్ళకు తెలుస్తుంది. రేపు నీ ఎదుట ఎవరైనా ఏ కులాన్నో, మతాన్నో పట్టుకుని ‘వాళ్ళంతా అంతే’ అంటే, ‘ఎవరు? పేరు చెప్పండి’ అని అడుగు. ఆ ప్రశ్న అడిగే ధైర్యం నీకుంటే నీ చదువు సార్థకమైనట్టే.

యాద్ వాషెమ్ జాబితాలో ఫియొదోసియా అని వెతికి, ఒక్క పేరు నాకు రాసి పంపు. హీట్ నంబర్లు రాసుకున్న నా పాత డైరీలో కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ పేరు అక్కడ రాసి పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య